మొరం చెప్పి పడ్తది

నూర్ మొహమ్మద్ పారను నేలకు ఆనించి నిలబడ్డాడు. లోపలికి పోనన్నాడు.

గొంతు పెంచలేదు. "నహీ జావూంగా" అని ఒకటే మాట. మాటతో పాటు వచ్చిన ఊపిరి ఆవిరి గడ్డం మీద తెల్లగా ఆగింది.

అది మంచు హాలు వెనక గది. ముందు భాగంలో టికెట్టు కొన్నవాళ్ళు కోట్లు తొడుక్కుని జారుతుంటారు. వాళ్ళు తొక్కి మురికి చేసిన మంచును మెషిన్ రోజూ గీకి, పైనున్న షట్టర్‌లోంచి ఈ గదిలోకి తోస్తుంది. ఇక్కడ అది గోడకానుకుని కప్పు దాకా గుట్టగా పేరుకుంటుంది. గుట్ట ముందు గచ్చు కాలువ. అందులో గోరువెచ్చటి నీళ్ళు పారుతుంటాయి. గుట్ట నుంచి మంచు తీసి కాలువలో వేస్తే కరిగిపోతుంది. గ్యాంగు పని అదే. బయట ఎడారి ఊరు జెబెల్ అలీలో జూలై ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, ఈ నలుగురు పొద్దంతా మంచు ఎత్తిపోస్తారు.

సూపర్‌వైజర్ నాగేంద్రబాబు తన కోటు జిప్పు మెడదాకా లాక్కున్నాడు. అమలాపురం వైపు మనిషి. డిప్లొమా చదివాడు.

"ఏటంటాడు వీడు?"

"పోనంటున్నడు సార్" అన్నాడు లచ్చన్న.

"అది తెలుగులో చెప్పక్కర్లేదు, నాకూ వినపడింది. ఎందుకెళ్ళడంట?"

నూర్ గడ్డం ఎత్తి గుట్ట పైభాగం చూపించాడు. మొన్న ఈ గదిలో కూలింగ్ సగం రోజు ఆగిపోయింది. గుట్ట పైపొర చెమట పట్టినట్టు కరిగింది. కూలింగ్ మళ్ళీ మొదలయ్యాక అదంతా గట్టిపడి గాజులా మెరిసింది. ఆ మెరుపు మీద మెషిన్ కొత్త మంచు తోస్తూనే ఉంది.

"మధ్యలో అద్దం ఉంది" అన్నాడు నూర్ ఉర్దూలో. "అద్దం మీద బరువు పెట్టారు. కింద పొట్ట తొలిచారు. ఆ పొట్టలోకి నన్ను పొమ్మంటున్నారు."

"అదిగో, మొదలెట్టాడు. పని చెయ్యడానికొచ్చాడా, పంచాంగం చెప్పడానికొచ్చాడా?" నాగేంద్రబాబు లచ్చన్న వైపు తిరిగాడు. "పద్ధతి నీదే కదయ్యా లచ్చన్నా. నువ్వు చెప్పు. పడుద్దా?"

పద్ధతి లచ్చన్నదే. అతను ఈ గ్యాంగులోకి రాకముందు అందరూ పైనుంచి గీకేవాళ్ళు. జగిత్యాల పక్కన తన ఊరి ఎర్ర మొరం మట్టి గడ్డ దగ్గర ట్రాక్టర్ నింపాలంటే ఎవరూ పైకెక్కరు. గడ్డ అడుగున గుహలాగ తొలుస్తారు. పైది విరిగి దానంతటదే ట్రాక్టర్ దగ్గరికి వస్తుంది. లచ్చన్న ఇక్కడ కూడా అదే చేసి చూపించాడు. పని సగానికి తగ్గింది. "కిందికెల్లి కొట్టాలె, పైది దానంతటదే వస్తది" అన్న అతని మాటను ఇప్పుడు నాగేంద్రబాబు కూడా అతని యాసలోనే వెక్కిరింపుగా అంటాడు. అంటూనే అందరి చేతా అలాగే చేయిస్తాడు.

"పడదు సార్" అన్నాడు లచ్చన్న. "పడేముంగట చెప్తది. మొరమైతె సన్నసన్నగ రాలుతది. ఆ సప్పుడు ఇని పక్కకు జరిగితె అయిపాయె."

"విన్నావా?" అన్నాడు నాగేంద్రబాబు నూర్‌తో హిందీలో.

"ఇది మొరం కాదు" అన్నాడు నూర్.

"ఏ పఠాన్" అన్నాడు లచ్చన్న. "పని శాతగాకుంటె శాతగాదను. బరఫ్ మీద ఎందుకు పెడ్తవ్?"

"పఠాన్‌ను కాను. మంచుకొండల్లో చిత్రాల్ మాది. నెల నుంచి చెప్తున్నా."

"ఏదైతేంది. కామ్‌చోర్‌వు."

పనిదొంగ అని లచ్చన్న అన్నప్పుడు నూర్ అతని మొహం చూడలేదు. చేతులు చూశాడు. లచ్చన్న కుడిచేతి గ్లౌజు తడిసి, మణికట్టు దగ్గర మంచు పెళ్ళ కట్టింది. లచ్చన్న ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు. పార అందుకుని వంగి, నూర్ పోనన్న గుహలోకి తనే దూరాడు.

వెనక నుంచి నూర్‌ను బెదిరిస్తున్న నాగేంద్రబాబు గొంతు వినపడింది. "రాత్రికి నీ గురించి ఆఫీసులో చెప్తాను. ఖలాస్ నువ్వు. వీసా క్యాన్సిల్."

*

లచ్చన్న కుడిచేతి చివరి రెండు వేళ్ళు కొన్నాళ్ళుగా తెల్లబడుతున్నాయి. పని దిగాక వేడినీళ్ళలో పెడితే ఎర్రబడి, తేలు కుట్టినట్టు సలిపి, మళ్ళీ మామూలయ్యేవి. ఈ మధ్య ఎర్రబడడం లేదు. కొవ్వొత్తుల్లా ఉంటున్నాయి. క్యాంపు పక్క క్లినిక్‌లో మలయాళీ డాక్టరు సూదితో పొడిచి, "తెలుస్తోందా?" అన్నాడు. తెలియలేదు. చలిలోంచి బయటపడకపోతే తీసెయ్యాల్సి వస్తుందని, ఎలా తీస్తారో కూడా తన వేలి మీద గీత గీసి చూపించాడు.

వెనక గదికి ఒక మూల అద్దాల క్యాబిన్ ఉంది. లోపల హీటర్. గ్యాంగు పెద్ద అక్కడ కూర్చుని వాకీటాకీలో మాట్లాడతాడు. ఛార్జ్‌హ్యాండ్ అంటారు. నారింజ రంగు జాకెట్ వేసుకుంటాడు. ఇంతకుముందున్నవాడు సొంత దేశం పోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది. బక్రీద్ సెలవులకు హాల్లో పాత మంచంతా తీసి కొత్తది పరుస్తారట, అందుకు ఈ గది ఖాళీ కావాలట. "శుక్రవారంలోగా గుట్ట లేపెయ్. జాకెట్ నీదే" అని నాగేంద్రబాబు మాటిచ్చాడు.

సాయంత్రం క్యాంపు వంటగదిలో లచ్చన్న అన్నం గిన్నె మీద మూత తీసి, ఆవిరిలో చెయ్యి పెట్టాడు.

"ఏమాయె కాకా, అన్నం ఉడికిందా నీ చెయ్యి ఉడికిందా?" అన్నాడు దయాకర్. అదే మండలం పిల్లగాడు. పిల్లగాడంటే ముప్పై దాటినవాడే.

"రెండు ఉడకలే" అన్నాడు లచ్చన్న.

ఉల్లిగడ్డలు కోస్తున్న రత్నాకర్ నవ్వాడు. "రేపు జాకెట్ అచ్చినంక మమ్ముల గుర్తువడ్తవా? అద్దాలకెల్లి చెయ్యి ఊపు జర."

"మంచిగ పనిజెయ్యండ్రి, ఊప్త."

"అబ్బో, ఇప్పుడే మొదలుపెట్టె."

అదే వరసలో చివరి పొయ్యి మీద నూర్ రొట్టె కాలుస్తున్నాడు. ఈ నవ్వులు తన మీదేమోనని ఒకసారి తిరిగి చూశాడు. రొట్టె తిప్పాడు.

"సాబ్ బ్యాగు సర్దుకున్నడా?" అని దయాకర్ హిందీలో అడిగాడు.

నూర్ రొట్టెను గుడ్డలో చుట్టుకున్నాడు. గ్యాసు ఆపాడు. పోతూ లచ్చన్న పక్కన ఆగాడు.

"ఒకటి అడుగుతా. మీ మొరం పడితే మనుషులు చావరా?"

లచ్చన్న గిన్నె మీద మూత పెట్టాడు. "సప్పుడు ఇననోళ్ళు సస్తరు."

"ఇది సప్పుడు చెయ్యదు" అన్నాడు నూర్. "మా ఊళ్ళో కొండ మీది మంచు మా చిన్నాన్న ఇంటి మీద పడ్డది. కుక్క కూడా మొరగలేదు."

"నీ కథలు ఆఫీసుల చెప్పుకో, పో."

నూర్ పోయాడు. దయాకర్ అతని నడకను వెక్కిరిస్తూ రెండడుగులు నడిచాడు. రత్నాకర్ నవ్వాడు. లచ్చన్న కూడా నవ్వాడు. నవ్వుతూ చెయ్యి మళ్ళీ ఆవిరిలో పెట్టాడు.

*

మర్నాడు గుహ ఇంకా లోపలికి పోయింది. లచ్చన్న మోకాళ్ళ మీద కూర్చుని పారతో పొడుస్తున్నాడు. రత్నాకర్ వెనకనుంచి మంచు లాగి కాలువలో వేస్తున్నాడు. నీళ్ళలో పడ్డ మంచు మొదట తేలి, బూడిద రంగుకు తిరిగి, మాయమవుతుంది. గుహ లోపల వెలుతురు నీలంగా ఉంది. మాట్లాడితే గొంతు బయటికి పోకుండా చెవుల దగ్గరే ఉంటుంది.

లచ్చన్న పొడవడం ఆపి, చెవి పెట్టాడు. మొరం గడ్డ దగ్గర అలాగే చేసేవాడు. నాలుగు పోట్లు, ఒకసారి వినడం. ఏమీ రాలడం లేదు. మళ్ళీ పొడిచాడు.

అప్పుడు గుట్ట ఒకసారి 'ధుమ్' అన్నది.

పెద్ద చప్పుడు కాదు. పక్కింట్లో వడ్ల బస్తా దించినట్టు. పైన ఎక్కడో గుట్ట మొత్తం ఒక్కసారి కూచుని సర్దుకున్నట్టు. గుహ లోపలినుంచి చల్లటి గాలి అతని మొహం మీదికి తోసుకొచ్చి ఆగింది. మంచు ఒక్క పలుకు రాలలేదు. రాలి ఉంటే అతను పరిగెత్తేవాడు. రాలలేదు గనుక ఏం చెయ్యాలో కాళ్ళకు తెలియలేదు. పార పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏంది కాకా?" అన్నాడు రత్నాకర్ బయటినుంచి. "ఏదో సప్పుడైంది గదా?"

"పైన షట్టర్ కావచ్చు" అన్నాడు లచ్చన్న.

షట్టర్ కాదని అతనికి తెలుసు. షట్టర్ చప్పుడు చెవికి వినపడుతుంది. ఇది మోకాళ్ళకు వినపడింది. అతను మెల్లగా, పారను గోడకు తగలనీయకుండా, వెనక్కి వెనక్కి పాకి బయటికొచ్చాడు. నిలబడి గుట్ట పైకి చూశాడు. ఏ తేడా లేదు. అప్పుడే మెషిన్ పైనుంచి ఇంకో దఫా మంచు తోసింది. అది పొడిపొడిగా పైభాగమంతా పరుచుకుంది.

తలుపు తెరుచుకుని నాగేంద్రబాబు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో నారింజ రంగు.

"ఏమయ్యా, బయటున్నావేంటి?"

లచ్చన్న నోరు తెరిచాడు. "ఏం లేదు సార్. చాయ్ తాగుదామని."

"తాగు, తాగు. చాయ్ అక్కడ తాగు" అని నాగేంద్రబాబు అద్దాల క్యాబిన్ చూపించి, కవరు అతని చేతిలో పెట్టాడు. "మేనేజరుతో మాట్లాడాను, ముదీర్ ఒప్పుకున్నాడు. శుక్రవారం దాకా ఆగొద్దన్నాను నేనే. నువ్వు లోపల కూర్చుని నడిపిస్తే వీళ్ళు రెండింతలు చేస్తారు. ఆ చిత్రాలీవాడి కాగితాలు రేపు క్యాన్సిల్‌కి వెళ్తాయి. నువ్వన్నట్టు పనిదొంగే అని రాయించాను."

మధ్యాహ్నం నుంచి లచ్చన్న హీటర్ ముందు కూర్చున్నాడు. గ్లౌజులు తీసి చేతులు దానికి దగ్గరగా పెట్టాడు. చీకటి పడే వేళకు ఒక వేలు సలపడం మొదలుపెట్టింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత అందులో నొప్పి పుట్టింది. రెండోది ఇంకా తెల్లగానే ఉంది.

*

మూడో రోజు పొద్దున గుహలోకి పోయే వంతు దయాకర్‌ది.

లచ్చన్న అద్దంలోంచి చూస్తున్నాడు. దయాకర్ గుహ ముందు నిలబడి టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. ముక్కు చీదాడు. క్యాబిన్ వైపు తిరిగి, రత్నాకర్ చెప్పినట్టే, చెయ్యి ఊపమని సైగ చేశాడు. లచ్చన్న చెయ్యి ఊపాడు. దయాకర్ నవ్వి, పార ముందుకు తోసి, వంగాడు. మొదట తల పోయింది. తర్వాత నడుము. బూట్ల అడుగులు కనిపించాయి. తర్వాత అవీ కనిపించలేదు.

లచ్చన్న చూపు హీటర్ మీదికి తిప్పుకున్నాడు. హీటర్ తీగలు ఎర్రగా ఉన్నాయి. వేలు సలుపుతోంది. లోపలినుంచి పారపోట్లు వస్తున్నాయి. ఒకటి, ఇంకొకటి. దయాకర్ మధ్యలో ఆగి వినడం లేదు. వినమని అతనికి తను ఎన్నోసార్లు చెప్పాడు. విన్నా ఏం వినపడుతుంది?

అతను తలుపు తోసుకుని బయటికొచ్చాడు. గ్లౌజులు వేసుకోవడం మర్చిపోయాడు.

"దయాకర్! బయటికి రా. రారా బయటికి!"

బూట్లు కనిపించాయి. నడుము, తల. "ఏంది కాకా, మొదలువెట్టి ఇంత సేపు గాలే."

"అండ్లకు పోవద్దు. పైకెల్లి తీద్దాం."

"పైకెల్లా?" రత్నాకర్ పార కింద పడేశాడు. "పైకెల్లి తీస్తె పండుగ దాక గాదు, దసరా దాక గాదు. నువ్వే గదా నేర్పినవ్?"

"నేర్పిన. ఇప్పుడు వద్దంటున్న."

"నువ్వు లోపలున్నన్ని రోజులు పడలే. నేను పోతెనే పడ్తదా?" దయాకర్ మొహం ఎర్రబడింది. "ఛార్జ్ అయినవ్, సంబురం. మామీద షాన్ చూపెట్టకు."

జాకెట్ జేబులో వాకీటాకీ కరకరలాడింది. నాగేంద్రబాబు గొంతు. "కాలువలో నీళ్ళు వేడెక్కుతున్నాయి. మంచు పడట్లేదేంటి? ఎవడాపమన్నాడు?"

"నేనే సార్."

కొంచెం సేపటికి నాగేంద్రబాబే వచ్చాడు. లచ్చన్న గుహ నోటి ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"గుట్టల సప్పుడైంది సార్. నిన్న."

"ఎప్పుడు?"

"నిన్న. చాయ్‌కి ముందుగల్ల."

"చాయ్‌కి ముందు." నాగేంద్రబాబు అతని మీద నారింజ జాకెట్ పైనుంచి కిందికి చూశాడు. "నేను వచ్చి అడిగితే ఏం లేదన్నావ్. అప్పుడు చెప్తే ఇది రాదనా?"

 రత్నాకర్ లచ్చన్న వైపు చూశాడు. ఆ చప్పుడు తను కూడా విన్నాడు. షట్టర్ అని చెప్పినవాడు ఇతనే.

"అంటే నిన్న నీకు తెల్సు" అన్నాడు రత్నాకర్ నెమ్మదిగా. "తెల్సి, ఇయ్యాల దయాకర్‌ను తోలినవ్."

దయాకర్ కాలువలోకి ఉమ్మేశాడు.

"మీ ఊరి పంచాయితీలు ఊళ్ళో చూసుకోండి" అన్నాడు నాగేంద్రబాబు. "భోజనాలకెళ్ళి రండి. వచ్చాక ఎవడో ఒకడు లోపలుండాలి. లేకపోతే ఆ చిత్రాలీవాడితో పాటు మీ ముగ్గురివీ క్యాన్సిల్. యల్లా, కదలండి."

*

నూర్ ఆఫీసు మెట్ల పక్క నీడలో కూర్చుని ఉన్నాడు. పక్కన బ్యాగు. కాగితాలు తీసుకుపోయే కారు ఇంకా రాలేదు. బయటి వేడికి లచ్చన్న జాకెట్ మీద మంచు నీళ్ళై కారుతోంది. అతను జాకెట్ విప్పలేదు. నూర్ ముందుకు పోయి నిలబడ్డాడు.

"పైకెల్లి ఎట్ల దింపాలె?"

నూర్ తలెత్తలేదు. "ఛార్జ్‌హ్యాండ్ సాబ్ కామ్‌చోర్‌ను అడుగుతున్నాడా?"

"అడుగుతున్న."

"నిన్న ఏమైంది?"

లచ్చన్న చెప్పాడు. చప్పుడు ఎలా వచ్చిందో చెప్పడానికి మాట దొరక్క, పిడికిలితో తన తొడ మీద ఒకసారి గుద్దాడు. గాలి మొహం మీదికి వచ్చిందన్నాడు. అప్పుడు నూర్ తలెత్తాడు.

"అది ఒకసారి కూచున్నది. రెండోసారి లేచి వస్తది" అన్నాడు. "ఇప్పుడు ఎవరైనా లోపలున్నారా?"

"లేరు. తిండికి పోయిండ్రు. మల్ల పొమ్మంటడు."

"పోనీ. నా పని అయిపోయింది."

"నూర్ భాయ్."

"నిన్నటి దాకా పఠాన్‌ని. ఈ రోజు భాయ్‌నా?" నూర్ లేచాడు. లచ్చన్న కన్నా జానెడు పొడుగు. "మా ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉంది. నేను పనిదొంగనని ముద్ర వేయించుకుని పోతే మళ్ళీ నన్ను ఎవరు రానిస్తారు? మాట నువ్వు వేశావ్. నువ్వే తియ్యి. ముదీర్ ముందు తియ్యి. తర్వాత దింపడం చూపిస్తా. లేకపోతే కారు వస్తుంది, నేను పోతా. మీవాళ్ళు లోపలికి పోతారు."

లచ్చన్న చేతులు చూసుకున్నాడు. సలిపే వేలు ఎండలో ఇంకా సలుపుతోంది. మెట్లెక్కి తలుపు తోశాడు.

ముదీర్ ఫోన్‌లో ఉన్నాడు. ఎదురు కుర్చీలో నాగేంద్రబాబు. లచ్చన్నకు ఇంగ్లీషు రాదు. హిందీలో మొదలుపెట్టాడు. నాగేంద్రబాబు అడ్డం వచ్చి తర్జుమా చెయ్యబోతే ముదీర్ చెయ్యెత్తి ఆపాడు. అతనికీ హిందీ వచ్చు.

"నూర్ మొహమ్మద్ పనిదొంగ గాదు సాబ్" అన్నాడు లచ్చన్న. "గా మాట నేనే అన్న. అది అబద్ధం. లోపటికి పోతె మనిషి సస్తడని పోలేదు. బరఫ్ కిందికెల్లి తవ్వుడు నేర్పింది నేను. తప్పు నేర్పిన. నిన్న గుట్ట కదిలింది. నాకు తెల్సు. చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు?"

లచ్చన్న తన మీదున్న జాకెట్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు.

ముదీర్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోపంగా లేడు. లెక్క చూసుకుంటున్నవాడిలా ఉన్నాడు. "పండుగ వారంలో నాకు ఇక్కడ అంబులెన్స్ రావద్దు, పోలీసు రావద్దు" అన్నాడు నాగేంద్రబాబుతో. "పైనుంచి తియ్యనీ. ఎంత అయితే అంత. పాత మంచు మీదే పండుగ చేద్దాం. ఆ చిత్రాల్ మనిషి సంగతి సెలవుల తర్వాత." లచ్చన్న వైపు చూశాడు. "తెలిసి చెప్పనివాణ్ణి క్యాబిన్‌లో కూర్చోబెట్టను. ఖలాస్."

మెట్ల మీద నాగేంద్రబాబు లచ్చన్న జాకెట్ జిప్పు తనే లాగి విప్పాడు. చొక్కా కూడా చిరుగుతుందేమో అన్నంత విసురుగా లాగాడు.

"నిన్ను నెత్తినెట్టుకున్నాను చూడు, నన్ననాలి" అన్నాడు. "ముదీర్ ముందు నా పరువు తీశావ్. ఆ వేళ్ళు ఊడి చేతిలోకొచ్చాక నా దగ్గరికి రాకు."

నూర్ కింద నిలబడి అంతా చూశాడు. బ్యాగు భుజాన వేసుకుని గది వైపు నడిచాడు.

*

షట్టర్ పక్కన నిచ్చెన ఉంది. నూర్ ముందు ఎక్కాడు. ఇనప స్తంభానికి తాడు చుట్టి, రెండు ముడులు వేసి, ఒంటి బరువంతా వేసి లాగి చూశాడు. తలా ఒక తాడు నడుముకు కట్టాడు. లచ్చన్నకు కట్టేటప్పుడు ముడి బిగించి, ఇంకోసారి బిగించాడు. లచ్చన్న మూలిగాడు. నూర్ వదులు చెయ్యలేదు.

పైనుంచి తియ్యడమంటే, గోడ వైపు నుంచి మొదలుపెట్టి, పారతో చదరంగా కోసి, పెళ్ళ లేపి, పక్కనున్న రేకు జారుడులోంచి కాలువకు దింపడం. ఒక పెళ్ళ కొయ్యడానికి పట్టే సేపట్లో కిందినుంచి అయితే బండెడు పడేది. ఆ మాట దయాకర్ ప్రతి పెళ్ళకూ అన్నాడు.

"ఏది కాకా, పడలే?"

"పడలే" అన్నాడు లచ్చన్న.

"ఈడ ముగ్గురం నిలవడ్డం. తొక్కుతున్నం. ఏది మరి?"

నూర్‌కు తెలుగు రాకపోయినా ఆ ప్రశ్న ఏ భాషలో అయినా అర్థమవుతుంది. అతను కోస్తూనే ఉన్నాడు.

ఆ రోజు పడలేదు. మర్నాడు పొద్దున కూడా పడలేదు. రత్నాకర్ కింద జారుడు దగ్గర పెళ్ళలు అందుకుంటూ, ఖాళీగా ఉన్న అద్దాల క్యాబిన్ వైపు చూసి, "సుఖం ఉండంగ కష్టం కొనుక్కున్నట్టు" అని ఎవరికీ కాకుండా అన్నాడు. లచ్చన్న గ్లౌజులు మధ్యాహ్నానికే గడ్డకట్టాయి. వేళ్ళు పార కర్రను చుట్టుకుని ఉన్నాయి. ఉన్నాయని కళ్ళతో చూస్తేనే తెలుస్తోంది. సలపడం ఆగిపోయింది. పడి ఉంటే బాగుండునని అతనికి ఒకసారి అనిపించింది. కింద ఎవరూ లేనప్పుడు, అందరూ చూస్తుండగా, ఒక్కసారి పడి ఉంటే.

చివరి మెత్తటి మంచు లేపుతుంటే దయాకర్ పార దేనికీ తగలకుండా లోపలికి పోయింది. అతను ముందుకు తూలాడు. తాడు లాగి ఆపింది. పార వెనక్కి తీసి, తిరగేసి కర్ర వైపు దించాడు. కర్ర పార రేకు దాకా పోయింది. ఇంకా అడుగు తగల్లేదు.

"కాకా."

ముగ్గురూ వంగి చేతులతో పైమంచు తోశారు. కింద చీలిక ఉంది. బెత్తెడు వెడల్పు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నాగలి చాలులా. మెషిన్ తోసిన కొత్త మంచు దాన్ని కప్పేసింది. చీలికకు గోడ వైపు వీళ్ళు నిలబడి ఉన్నారు. అవతల, గుహ వైపు, గది వెడల్పు పెళ్ళ ఒక్కటిగా ఉంది. ఆ పెళ్ళ కింద దొడ్డు రవ్వలాంటి పొడి. దయాకర్ వేలితో కదిలిస్తే అది మెత్తగా, చప్పుడు లేకుండా, లోపలికి కారిపోయింది.

దయాకర్ వేలు వెనక్కి తీసుకున్నాడు. కింద గుహ ఎక్కడుంటుందో కళ్ళతో కొలుచుకున్నాడు. పెళ్ళకూ గుహకూ మధ్య ఏముందో కొలుచుకున్నాడు.  తన తాడు ముడి తనే ఇంకొంచెం బిగించుకున్నాడు.

కింద తలుపు తెరుచుకుంది. "పైన ఏం పీకుతున్నార్రా? పారల చప్పుడే రావట్లేదు?" నాగేంద్రబాబు గుట్ట వైపు నడిచి వస్తున్నాడు.

"సార్, ఆడనే ఆగు" అన్నాడు దయాకర్. "గుహ కాడికి రాకు."

"ఏంట్రా, నువ్వు కూడానా?"

"రాకు సార్. రత్నాకరన్నా, నువ్వు సుత జరుగు. గోడకు పో."

అతని గొంతులో ఏముందో, రత్నాకర్ పెళ్ళ కింద పెట్టి గోడకు పోయాడు. నాగేంద్రబాబు ఒక కాలు ముందుకు వేసినవాడు దాన్ని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత రెండో కాలు. తలుపు దాకా వెనక్కి నడిచి అక్కడ నిలబడ్డాడు.

లచ్చన్న పార వదలబోయాడు. చెయ్యి విప్పుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నూర్ దగ్గరికొచ్చి, అతని వేళ్ళు ఒక్కొక్కటే పట్టి విప్పాడు. మెల్లగా ఏం విప్పలేదు. పార తీసుకుని దయాకర్‌కు విసిరాడు. లచ్చన్న గ్లౌజులు పీకి, ఆ చేతులను అతని కోటు లోపలికే, చంకల కిందికి తోశాడు.

"నీ వల్ల పోయేవాణ్ణి. నీ వల్ల ఉన్నాను" అన్నాడు ఉర్దూలో. "రెండూ మర్చిపోను. సెలవుల తర్వాత కూడా వాళ్ళు నన్ను పంపిస్తే మొదటిదే గుర్తుంటుంది."

"సరే" అన్నాడు లచ్చన్న.

"కూచో. మా ఇద్దరి తాళ్ళూ నీ నడుముకు చుట్టుకో. దానికి వేళ్ళు అక్కర్లేదు."

లచ్చన్న గోడకానుకుని కూర్చున్నాడు. నూర్ రెండు తాళ్ళూ స్తంభం చుట్టూ తిప్పి తెచ్చి అతని నడుముకు వేశాడు. దయాకర్, నూర్ చీలికకు ఇవతల మోకాళ్ళ మీద వంగి, పెళ్ళ అంచును చిన్నచిన్న ముక్కలుగా కొయ్యడం మొదలుపెట్టారు. దయాకర్ నాలుగు పోట్లు పొడిచి, ఆగి, లచ్చన్న వైపు తిరిగాడు.

"కాకా, పట్టుకున్నవా?"

"పట్టుకున్న. కొయ్యి."

తాడు బిగిసింది. లచ్చన్న మడమలు మంచులోకి తన్నిపెట్టి, వెనక్కి వాలాడు.